కుంచె కడిగిన చప్పుడు

అమీర్‌పేట, హైదరాబాదు
ఆదివారం మధ్యాహ్నం

చెల్లెలు విశాలాక్షికి,

అన్నయ్య ఆశీస్సులు. నేనిక్కడ కులాసాగానే ఉన్నాను. నువ్వూ, మీ వదినా కూడా కులాసా అనే అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అంగన్‌వాడీలో పిల్లల్ని ఎత్తుకోవద్దని డాక్టరు చెప్పాడు కదా, ఎత్తుకోకు. చెప్పినా వినవని నాకు తెలుసు.

మొన్ననే ఫోన్లో మాట్లాడాడు, ఇంతలో ఈ ఉత్తరమేమిటని నువ్వు కంగారు పడతావు. కంగారేమీ లేదు, నాకు ఒంట్లో బాగానే ఉంది. మన ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. మీ వదిన దాన్ని స్పీకరులో పెట్టి వీధి చివరిదాకా వినపడేలా మాట్లాడుతుంది. ఈ సంగతి అలా మాట్లాడేది కాదు. కిరాణా కొట్టు సాంబశివరావు గారు కూతుర్ని ఇక్కడ కోచింగులో చేర్చడానికి వచ్చారు, రాత్రి రైలుకి తిరిగి బయల్దేరుతున్నారు. ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వొక్కదానివే చదువుకో. మీ వదిన అడిగితే, గోంగూర పచ్చడి పంపమని రాశాడని చెప్పు. అది అబద్ధం కూడా కాదు, నిజంగానే పంపాలి. ఉత్తరంతోపాటు ఆయన ఒక పొట్లం ఇస్తారు. ఉత్తరం చివరిదాకా చదివాకనే దాన్ని విప్పు. ఇది గట్టిగా చెబుతున్నాను.

ఇక్కడ నెల రోజులుగా ఒకటే వానలు. పంజాగుట్ట ఫ్లైఓవరు కింద నీళ్ళు నిలిస్తే రోడ్డు దాటడానికి అరగంట. నేను ఉండేది అమీర్‌పేటలో మగవాళ్ళ హాస్టలు అని చెప్పాను కదా, గదిలో నాతోపాటు ఇద్దరు కుర్రాళ్ళు ఏదో కంప్యూటరు కోర్సు నేర్చుకుంటున్నారు. మంచివాళ్ళే. నన్ను అంకుల్ అంటారు, నా మంచం మీద తడి తువ్వాలు ఆరేస్తారు. సందులోంచి తలెత్తితే ఆకాశం కనపడదు, అన్నీ కోచింగు సెంటర్ల ఫ్లెక్సీలే. ఒక్కటీ చేత్తో రాసింది కాదు. పొద్దున్నే వాటి కింద నడుస్తుంటే, బోర్డులు రాసుకునే నా నోట్లో ముద్ద లాక్కున్నవాణ్ణి రోజూ పలకరిస్తున్నట్టు ఉంటుంది. తిండికి లోటు లేదు, చేపల పులుసు ఒక్కటే లేదు. హాస్టలు సాంబారు గురించి రాయను, నువ్వు బాధపడతావు. ఆదివారాలు మాత్రం గడవవు. అందరూ ఎవరో ఒకరితో ఫోన్లో నవ్వుతుంటారు, నేను నా కుంచెలు బయటికి తీసి మళ్ళీ సర్దుకుంటాను.

అయినా నాకు బాగానే ఉంది, బెంగ పెట్టుకోకు.

ఇక పని సంగతి. ఫోన్లో "బొమ్మల ఆఫీసు" అని చెప్పి ఊరుకున్నాను. అసలు సంగతి ఇది. బంజారా హిల్స్‌లో ఒక కాఫీ హోటలు గోడ మీద పాతకాలం బోర్డులాగా రాయమని నన్ను పిలిచారు. మనూళ్ళో ఎవరికీ అక్కరలేని చేతిరాత ఇక్కడ ఉన్నవాళ్ళకు ముచ్చట! నేను నిచ్చెనెక్కి రాస్తుంటే ఒకమ్మాయి రెండు గంటలు కిందే నిలబడి చూసింది. పేరు నసీమా. ఇరవయ్యారేళ్ళుంటాయి. నేను దిగగానే అడిగింది:

"అంకుల్, మీరు చప్పుళ్లు రాస్తరా?"

పిచ్చిపిల్ల అనుకున్నాను. పిచ్చి కాదు. పంజాగుట్టలో టిఫిన్ సెంటరు మీద, రెండో అంతస్తులో ఆ పిల్లా, ఇంకో ఇద్దరూ కలిసి ఫోన్లో చదువుకునే బొమ్మల కథలు గీస్తారు. జపాను వాళ్ళ పద్ధతిట, మాంగా అంటారు. అందులో తలుపు పడితే "ధడేల్" అనీ, వాన పడితే "టప్ టప్" అనీ బొమ్మలోనే పెద్దగా రాస్తారు. ఆ అక్షరాలు కంప్యూటరులో వేస్తే చచ్చినట్టు ఉంటున్నాయిట. చేత్తో రాస్తే చప్పుడు వినపడుతుందిట. అదీ నా ఉద్యోగం. యాభై ఏడేళ్ళ వయసులో మీ అన్నయ్య చప్పుళ్ళు రాస్తున్నాడు. మనుషుల నోటి పక్కన మాటలు రాసే బుడగలుంటాయి చూడు, అవి కూడా నేనే నింపుతాను.

వాళ్ళకు కొత్త కథ కావలసివచ్చింది. నసీమాకి ఈ బొమ్మలేసేవాళ్ళ కథలంటే మహా ఇష్టం. ఒకే బల్ల దగ్గర కూర్చుని బొమ్మలు నేర్చుకునే అబ్బాయి, అమ్మాయి, అలాంటివి. కాలేజీలో అవి చదివే పెరిగానంటుంది. ప్రేమ కథలా అని అడిగితే నవ్వింది.

"ప్రేమ కథలే. గానీ ప్రేమ అన్న మాట ఎవ్వరనరు అంకుల్. పెన్సిల్ చెక్కి ఇస్తరు. గొడుగు మర్చిపోయినట్టు ఇడిచిపోతరు. గంతే."

"గొడుగు మర్చిపోతే ప్రేమా? అయితే మీ ఆంటీ నన్ను ప్రేమించి చచ్చిపోవాలి, ఇప్పటికి ఇరవై గొడుగులు పారేశాను," అన్నాను. అందరూ నవ్వారు.

మన బోర్డుల దుకాణం గురించి చెప్పమంది. చెప్పేవాడికి వినేవాడు దొరికితే నా సంగతి నీకు తెలుసు కదా. రోజూ టీ వేళకు చెప్పేవాణ్ణి. రేపల్లె, మన ఇంటి ముందు వసారాలోనే దుకాణం, నాగు ఆర్ట్స్, నేను, నా దగ్గర పనిచేసిన యాదగిరి, రంగులు కలిపిచ్చే నువ్వు.

యాదగిరి పేరు ఈ ఉత్తరంలో వస్తుందని నువ్వు అనుకుని ఉండవు. ఒక్క నిమిషం ఆగి, మంచినీళ్ళు తాగి చదువు.

వాడు నల్లగొండ వైపు నుంచి గోడల మీద సబ్బు ప్రకటనలు రాసుకుంటూ వచ్చి మన దగ్గర నాలుగేళ్ళు ఆగిపోయిన సంగతి చెప్పాను. వాడి మీద ఉన్న జోకులన్నీ చెప్పాను. ఏ పెయింటరూ తన కుంచె ఇంకొకరి చేతికివ్వడు, ఎవడి కుంచె వాడే కడుక్కుంటాడు, అది మా వృత్తిలో నియమం. మా యాదగిరి మాత్రం పరమ బద్ధకిష్టి, సాయంత్రం కాగానే రంగు కారే కుంచె అరుగు మీద పెట్టి పోయేవాడు, మా చెల్లే కిరసనాయిల్లో కడిగి, కుంకుడు రసంతో కడిగి, వెంట్రుకలు వేళ్ళతో కొసదేర్చి పెట్టేది, అని చెప్పాను. నీలం కలిపిస్తే "జర తక్కువైంది" అని డబ్బా మూత పట్టుకుని మళ్ళీ లోపలికొచ్చేవాడు, వాడికి రంగు చూపు లేదు పాపం, అన్నాను. బోర్డు మీద గీత కోసం నీలిమందు పూసిన దారాన్ని ఇటొకరూ అటొకరూ పట్టుకుని, లాగి వదులుతాం కదా, నేను పట్టుకుంటే వాడి గీత ఎప్పుడూ వంకరే, మా చెల్లి పట్టుకుంటేనే తిన్నగా వచ్చేది, అని కూడా చెప్పాను. చెప్పి నేనే నవ్వాను. నసీమా నవ్వలేదు. పుస్తకంలో రాసుకుంది.

నాలుగు వారాలకు పేజీలు గీసి తెచ్చింది. కాగితం మీద చేత్తో గీసిన పేజీలు. ఊరి పేరు మార్చింది, మనుషుల ముఖాలు మార్చింది. ఒక పేజీలో ముఖాలే లేవు. ఇటొక చెయ్యి, అటొక చెయ్యి, మధ్యలో దారం. రెండో గడిలో దారం బిగిసింది. మూడో గడిలో ఆడపిల్ల వేలికి నీలిమందు అంటింది. నాలుగో గడిలో మగవాడు దారం వదలడు. ఐదో గడిలోనూ వదలడు. ఆ పేజీ కింద నేను "టంగ్" అని చప్పుడు రాయాలి. నాకు కుంచె సాగలేదు. ఎందుకో తెలియక, టీ తాగొస్తానని కిందికి దిగిపోయాను.

తరవాతి పేజీలో ఆ అమ్మాయి పెరట్లో కూర్చుని కుంచె కడుగుతోంది. "అంకుల్, కుంచె కడిగితే ఏం చప్పుడొస్తది?" అని అడిగింది నసీమా. "చప్పుడేముంది, ఏదో ఒకటి," అన్నాను. "ఏదో ఒకటి గాదు. గా అమ్మాయి కడిగితే ఏం చప్పుడొస్తుండె?" నలభై ఏళ్ళు కుంచె పట్టినా, ఆ చప్పుడు నాకు తెలియదు. నువ్వు కడుగుతున్నప్పుడు నేను పెరట్లోకి ఎన్నడూ రాలేదు. ఆ గడి ఇప్పటికీ అలాగే ఉంది, చప్పుడు లేకుండా.

ఇక నేను చేసిన తప్పు విను. చివరి పేజీల్లో ఆ కుర్రాడు ఊరు విడిచి పోతాడు. గుమ్మం ముందు నిలబడ్డాడు, అమ్మాయి లోపల ఉంది. వాడి నోటి పక్కన పెద్ద బుడగ, లోపల ఏమీ లేదు. రాయడం మర్చిపోయారనుకున్నాను. నీకు తెలుసు కదా, బోర్డు రాసేవాడికి ఖాళీ జాగా కనపడితే చెయ్యి ఊరుకోదు. రెండు అంగుళాల జాగా మిగిలితే పువ్వో చిలకో వేసి నింపుతాం, లేకపోతే బోర్డు రాయించుకునే పార్టీ ఒప్పుకోదు. ఆ పిల్ల లేని సమయంలో నేను నల్ల ఇంకుతో, నీడలు వేసి మరీ, "వెళ్ళొస్తానండీ" అని నింపిపెట్టాను. బ్రహ్మాండంగా వచ్చింది. మెచ్చుకుంటుందని కూర్చున్నాను.

వచ్చి చూసి, కుర్చీలో కూలబడింది.

"అయ్యో అంకుల్! గా బుడగ కావాలనే ఖాళీ ఇడిచిన. మీరెందుకు నింపిండ్రు?"

"ఖాళీగా ఉంటే ఎవరికేం అర్థమవుతుందమ్మా?"

"చదివేటోళ్లకు అయితది. ఆయనకు చెప్పాలని ఉన్నది, చెప్పనిస్తలేరు. గందుకే ఖాళీ."

రెండు రోజుల పని పాడైపోయింది. నాకు తల తీసేసినట్టైంది, దాంతో కోపమూ వచ్చింది. నా కోపం సంగతి నీకు కొత్త కాదు. "ఖాళీ వదిలేసి పోవడం గొప్ప కాదమ్మా, పనికి ఎగనామం పెట్టడం. మా యాదగిరి కూడా అలాగే చేశాడు," అని ఆ బోర్డు సంగతి చెప్పాను. మా చెల్లి పెళ్ళి బోర్డు రాయమని చెక్క పలక ఇచ్చాను, పొద్దుటినుంచి సాయంత్రందాకా కూర్చుని చి.ల.సౌ. విశాలాక్షి అని మాత్రం రాశాడు, అంత అందంగా వాడెప్పుడూ రాయలేదు, పక్కన పెళ్ళికొడుకు పేరు రాయాల్సిన జాగా అంతా తెల్లగా వదిలేసి, చెప్పకుండా ఊరొదిలి పోయాడు, మిగతాది నేనే నింపుకున్నాను, సగం పని మనిషి, అన్నాను.

కంప్యూటర్ల దగ్గర ఉన్న ఇద్దరు పిల్లలు తల తిప్పి చూశారు. నసీమా చాలా మెల్లగా అంది:

"ఆయన సగం పని ఇడిచిపెట్టి పోలే అంకుల్. చెప్పేదంతా చెప్పే పోయిండు. ఇన్నేండ్ల సంది మీకు సమజ్ కాలేదా?"

చెల్లాయ్, ఇరవయ్యేడేళ్ళుగా నవ్వుతూ చెప్పుకుంటున్న మాటలన్నీ అప్పుడు ఒక్కసారిగా నా మీదికి వచ్చి పడ్డాయి. కుంచె, నీలం, దారం. నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల, ఎన్నడూ రేపల్లె చూడనిది, నా నోటి మాటలు విని కనుక్కుంది. ఆ వసారాలో రోజంతా కూర్చున్నవాణ్ణి నేను.

ఇంతవరకూ రాసింది ఆ పిల్లలకు కూడా తెలుసు. ఇకమీద రాసేది ఎవరికీ తెలియదు. నాకు తెలుసు. నాకు అర్థం కాలేదని ఆ పిల్ల అనుకుంది, నేనూ కాదనలేదు. అది నిజం కాదు.

ఆ బోర్డు రాసిన రోజు పొద్దున్న యాదగిరి ఉతికిన చొక్కా వేసుకుని, తల తడిపి దువ్వుకుని వచ్చాడు. పనిలోకి ఎవడూ అలా రాడు. మెట్టు మీద నిలబడి "అన్నా" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. వాడు తరవాత ఏమనబోతున్నాడో నాకు తెలిసిపోయింది. వాడిది ఏ ఊరో, ఏ కులమో, అమ్మ ఏమంటుందో, వీధిలో ఏమంటారో, అన్నీ ఒక్క క్షణంలో తిరిగాయి. వాడు నోరు విప్పకముందే నేను అందుకున్నాను. "రా రా, మంచి సమయానికి వచ్చావు. చెల్లికి బాపట్ల సంబంధం ఖాయమైంది. బోర్డు నువ్వే రాయాలి," అని పలక వాడి చేతిలో పెట్టాను. చెల్లాయ్, ఆ రోజుకి బాపట్ల సంబంధం ఖాయం కాలేదు. జాతకం మాత్రమే వచ్చింది. వాడితో ఆ మాట అనేశాక, దాన్ని నిజం చెయ్యడానికి ఆ వారంలోనే పరుగెత్తాను.

తాంబూలాల రోజు నువ్వు అందరి ముందూ వద్దన్నప్పుడు నేను నిన్ను ఎన్ని మాటలన్నానో నాకన్నీ జ్ఞాపకమే. తరవాత వచ్చిన సంబంధాలన్నీ నువ్వు కాదంటుంటే "ఎవరి కోసం కూర్చున్నావే?" అని అరిచేవాణ్ణి. నువ్వు జవాబు చెప్పేలోపే నేనే ఇంకేదో అనేసేవాణ్ణి. పెళ్ళికొడుకు పేరు మీద తెల్లరంగు కొట్టి, ఆ పలక పొయ్యిలో పెట్టమన్నాను. నువ్వు పెట్టలేదు. నీ కుట్టు మిషను వెనక గోడవైపు తిప్పి పెట్టి ఉంది. నేను చాలాసార్లు చూశాను. అడగలేదు.

నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను, అదీ కాలిన చేతులు నావి కావు. తప్పు చేశాను చెల్లాయ్. తెలియక కాదు, తెలిసే చేశాను.

ఆ తరవాత నాలుగు రోజులు చప్పుళ్ళు రాయలేకపోయాను. ఐదో రోజు ఒక బోర్డు గుర్తుకొచ్చింది. కృష్ణానగర్‌లో సినిమా దుస్తులు అద్దెకిచ్చే కొట్టు ఒకటుంది, చేత్తో రాసిన బోర్డు. నేనీ ఊరు వచ్చిన కొత్తల్లో చూశాను. తలకట్టు చివర పైకి లేపి చిన్న మెలిక తిప్పి ఉంది. యాదగిరిని ఆ మెలిక గురించే తిట్టేవాణ్ణి, తలకట్టంటే తలపాగారా, తోక కాదు అని. అప్పుడు చూసి కూడా, ఎవడో అలాంటివాడే ఇంకొకడు అనుకుని వచ్చేశాను. నిన్న శనివారం, పని కాగానే అక్కడికి వెళ్ళి అడిగాను. కొట్టతను వెనక షెడ్డు చూపించాడు.

అక్కడే ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది, కళ్ళద్దాలు వచ్చాయి, చెయ్యి మాత్రం తిన్నగానే ఉంది. సినిమా సెట్టు కోసం బజారు బోర్డులు రాస్తున్నాడు, లేని ఊరికి లేని కొట్లు. గోడకానించిన వాటిలో ఒకటి చూసి అక్కడే ఆగాను. "నాగు ఆర్ట్స్, రేపల్లె" అని ఉంది. నన్ను చూసి లేచి నిలబడి, చెయ్యి తుడుచుకుని, "ఏ సెట్టేసినా గిదొకటి రాస్త అన్నా," అన్నాడు. నేను తిట్టుకున్న ఇన్నేళ్ళూ వాడు మన దుకాణం బోర్డు రాస్తూనే ఉన్నాడు.

వాడి సంగతులు దాచకుండా రాస్తాను, నీకు తెలియాలి. పెళ్ళి చేసుకున్నాడు. భార్య ఆరేళ్ళ కిందట జబ్బు చేసి పోయింది. "మంచి మనిషన్నా, ఏ కష్టం పెట్టలే," అన్నాడు. ఒక కూతురు, పెళ్ళై సూర్యాపేటలో ఉంది. వాడు కృష్ణానగర్‌లోనే ఒక గదిలో ఉంటున్నాడు.

టీ తెప్పించాడు. అమ్మ సంగతి అడిగాడు, పోయిందంటే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మీ వదినను అడిగాడు. పక్కింటి సుబ్బమ్మ గారిని అడిగాడు. వసారా పడిపోయిందా, ఉందా అని అడిగాడు. మన ఇంట్లో అడగనిది నిన్నొక్కదాన్నే. పాత నాగేశ్వరరావు అయితే, వీడు మర్చిపోయాడు పీడా పోయింది అనుకునేవాడు. టీ చల్లారిపోయింది. చివరికి గ్లాసు కేసి చూస్తూ అన్నాడు:

"ఇప్పుడు కుంచెలు ఎవరు కడుగుతున్నరన్నా?"

నేనే ఎత్తాను. "ఆ రోజు ఎందుకొచ్చావు యాదగిరీ? ఏం అడగాలని వచ్చావు?"

నా మొహంలోకి చూశాడు. కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"ఎందుకొచ్చిన్నో నీకెరుకే గదన్నా," అన్నాడు.

నేను అవునన్నాను. ఎరుకేనన్నాను. ఇరవయ్యేడేళ్ళకు వాడితో ఒక్క నిజం చెప్పాను. నువ్వు ఎవర్నీ చేసుకోలేదని కూడా చెప్పాను. నీ సంగతి నిన్ను అడగకుండా చెప్పాను, అది కూడా తప్పే అయితే తిట్టు. వాడు లేచి, ఒక్క అక్షరం మిగిలిన బోర్డు దగ్గరికి వెళ్ళి, అది రాశాడు, నీలం రంగుతో. రాసిన కుంచెను కడగలేదు. డబ్బా అంచుకి ఒకసారి ఒత్తి, అలాగే తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. నా జీవితంలో ఎదుటివాడి మాట నేను పూర్తి చెయ్యకుండా ఉన్నది అదే మొదటిసారి.

పొట్లంలో ఉన్నది అదే. ఇప్పుడు విప్పినా విప్పు.

రంగు ఎండిపోకుండా టర్పెంటులో తడిపిన గుడ్డ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టాను. కడగని కుంచె పక్కన పెట్టుకుని పడుకోవడం నాకెంత కష్టమో నీకు తెలుసు. పొద్దున రెండుసార్లు చెయ్యి దానిమీదికి పోయింది, ఆపుకున్నాను. రెండు మూడు రోజులు మెత్తగా ఉంటుంది. ఆ తరవాత పుల్లలా బిగుసుకుపోతుంది, ఇక దేనికీ పనికిరాదు. బిగుసుకోనివ్వాలనిపిస్తే అలాగే వదిలెయ్యి, పారేసినా సరే, అదీ ఒక జవాబే. వాడూ నేనూ ఇంకో మాట అడగం. నీకు యాభై ఏళ్ళు, నీ ఉద్యోగం నీకుంది, నీ మనసు నీ ఇష్టం. ఎవరు ఏమనుకుంటారో అని మాత్రం చూడకు. వీధిలో వాళ్ళకు జవాబు చెప్పేవాణ్ణి నేనున్నాను, ఈసారి ఆ పని నాకు వదిలెయ్యి. మీ వదినకు కూడా నేనే చెప్పుకుంటాను.

ఇంకో సంగతి, ఇది నసీమా అడగమన్నది. కథలో ఆఖరి పేజీ ఆ పలకే. నా చేతే రాయించింది, ఆ అమ్మాయి పేరు మాత్రం. పక్కన తెల్లగా వదిలేశాను. పేజీ గీసి పెట్టారు గానీ బయటికి పంపలేదు. "అది మీ చెల్లె కథ అంకుల్, ఆమెను అడగకుండ వెయ్యను," అంటోంది. నువ్వు వద్దంటే మొత్తం ఆపేస్తానంది. ఆ పిల్లకు ఉన్న బుద్ధి నాకు ఆ వయసులో లేదు.

చీకటి పడకముందే సాంబశివరావు గారికి ఇది అందించాలి. సుబ్బమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు. మీ వదినను బీపీ మాత్రలు మానొద్దని చెప్పు. నా పాత కళ్ళద్దాలు గూట్లో ఉంటాయి, గోంగూర పచ్చడితోపాటు పంపు. పెద్దవాణ్ణి కాబట్టి దీవెనలు నేనే రాయాలి. కానీ ఈసారి నువ్వు నన్ను చల్లగా ఉండమంటే తప్ప నాకు ఉండడం చేతకాదు.

ఇట్లు,
నీ అన్నయ్య,
నాగేశ్వరరావు

మరొక్క మాట. పేజీలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది, నా అంతట నేను నింపను. ఒకవేళ నువ్వు కడిగితే, పెరట్లో నువ్వెప్పుడూ కూర్చునే చోటే కూర్చుని కడిగితే, ఏం చప్పుడొచ్చిందో నాకు రాయి.